పోయిన మస్టరుకు ఎవరు కడతారు?

(మైదానం – మస్టరు: నాలుగో భాగం)

ఇంగ్లండు ఉత్తరాన యార్క్‌షైర్, లాంకషైర్ అని పక్కపక్కనే రెండు ప్రాంతాలు. పందొమ్మిదో శతాబ్దం సగం దాటేసరికి అక్కడ ఎటు చూసినా ఉన్ని మిల్లు, నూలు మిల్లు, లేకుంటే బొగ్గుబాయి. మన కొత్తపేట పక్కన 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు పుట్టి, 1942లో కాగితం తీయడం మొదలుపెట్టి, తన చుట్టూ కాగజ్‌నగర్‌ను పెంచుకుంది. ఇంగ్లండు మిల్లులూ అలాగే తమ చుట్టూ ఊళ్లను పెంచుకున్నాయి. హడర్స్‌ఫీల్డ్, విగన్, ఓల్డమ్, హాలిఫాక్స్ అన్నీ సైరన్‌తో లేచి సైరన్‌తో తినే ఊళ్లే. వారమంతా పని, శనివారం ఒక పూట సెలవు. ఆ ఒక్క పూట ఊరంతా మైదానం చుట్టూ చేరేది. ఆడే ఆట రగ్బీ.

కిందటి భాగం దాకా మన బొగ్గుబాయి ఊళ్ల ఆటల గురించి చెప్పుకుంటూ వచ్చాం. ఇప్పుడు ఉన్నట్టుండి సముద్రాలు దాటడానికి కారణం ఉంది. ఆడినందుకు డబ్బు పుచ్చుకోవచ్చా, పుచ్చుకుంటే ఆటగాడి మర్యాద తగ్గుతుందా అనే తగాదా అక్కడ ఒక కొలిక్కి వచ్చిన తీరు తెలిస్తే, మన అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరామ్ ఫుట్‌బాల్ బతుకూ, ఇవాళ టీవీలో చూస్తున్న కబడ్డీ వేలమూ రెండూ తేటగా కనిపిస్తాయి.

రగ్బీ చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. బంతి గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. దాన్ని చంకన పెట్టుకుని పరుగెత్తి, అవతలి గీత దాటి నేలకు ఆనించాలి. చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. బంతి పట్టుకున్నవాణ్ణి ఎదుటి జట్టు నడుము పట్టి, కాళ్లు పట్టి కూలదోస్తుంది. కూతకు వెళ్లినవాణ్ణి నలుగురు కమ్ముకుని గీత దాటనివ్వకుండా పట్టే ఆట మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే కాబట్టి, మన ఆటల్లో దీనికి దగ్గరి చుట్టం కబడ్డీ అనుకోవచ్చు. కాలర్‌బోన్ విరగడం, మోకాలు తప్పడం, పక్కటెముకలు చిట్లడం ఈ ఆటలో మామూలు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. పక్క ఊళ్లో మ్యాచ్ అంటే శనివారం పొద్దుటి పని మానుకుని రైలెక్కాలి. మిల్లులోగానీ బాయిలోగానీ నాగా పెడితే ఆ పూట కూలి పోయినట్టే. ఎముక విరిగితే వారాల తరబడి మస్టరు, అంటే హాజరు, పడదు. మైదానం చుట్టూ వేలమంది టికెట్టు కొని నిలబడేవారు, క్లబ్బు గల్లాపెట్టె నిండేది. ఆడిన కార్మికుడు మాత్రం ఇంటికి తక్కువ కూలి పట్టుకుని వెళ్లేవాడు. అందుకని క్లబ్బులు ఒక చిన్న కోరిక కోరాయి. ఆటగాడికి జీతం ఇస్తామని అనలేదు, పోయిన కూలి మాత్రం భర్తీ చేస్తామన్నాయి. దానికి అక్కడి వాళ్లు పెట్టుకున్న పేరు బ్రోకెన్ టైమ్.

దక్షిణాన లండన్‌లో కూర్చుని రగ్బీని నడిపే యూనియన్ 1871లో పుట్టింది. దాని పెద్దలు గొప్ప బడుల్లో, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో చదువుకున్నవాళ్లు. ఆటను ఆట కోసమే ఆడాలి, డబ్బు తాకితే మైలపడుతుందన్నది వాళ్ల సిద్ధాంతం. 1886లోనే డబ్బు పుచ్చుకోవడాన్ని నిషేధిస్తూ నిబంధన పెట్టారు. 1893లో లండన్‌లో జరిగిన సర్వసభ్య సమావేశంలో యార్క్‌షైర్ ప్రతినిధులు బ్రోకెన్ టైమ్ తీర్మానం పెట్టారు. ఉత్తరం నుంచి ప్రత్యేక రైల్లో మనుషులు దిగారు. చివరికి అనుకూలంగా 136 ఓట్లు, వ్యతిరేకంగా 282. సమావేశానికి రాని క్లబ్బుల తరఫున వేసిన ప్రాక్సీ ఓట్లు కూడా ఆ లెక్కలో ఉన్నాయి.

ఆ సిద్ధాంతాన్ని నేను మన్నించలేను. తరతరాల ఆస్తి ఉన్నవాడికి శనివారం నాగా లేదు, సోమవారం మస్టరు లేదు. ఉచితంగా ఆడగలగడం వాళ్ల కలిమి. ఆ కలిమినే నీతి అని పేరు పెట్టి, లేనివాడి మీద నిబంధనగా రుద్దారు. ఆడాలనుకున్న బొగ్గుబాయి మనిషికి అది వేసిన జరిమానా.

1895 ఆగస్టు 29. హడర్స్‌ఫీల్డ్ రైల్వేస్టేషన్ పక్కనే ఉన్న జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బుల వాళ్లు కూడారు. పాత యూనియన్‌తో తెగతెంపులు చేసుకుని నార్తర్న్ యూనియన్ అనే కొత్త సంఘం పెట్టుకున్నారు. తొలి సీజన్‌లో 22 క్లబ్బులు. సెప్టెంబరు 7 నాటికి మ్యాచ్‌లు మొదలయ్యాయి. పోయిన కూలి కింద రోజుకు 6 షిల్లింగులకు మించి ఇవ్వకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. ఇంత పెద్ద చీలిక వెనక ఉన్న మొత్తం అంతే, పనిచేతనైన ఒక కార్మికుడి ఒక రోజు కూలి.

మూడేళ్లకు, 1898లో, డబ్బు ఇవ్వడాన్ని బాహాటంగానే ఒప్పుకున్నారు. కానీ అప్పుడు పెట్టిన షరతు చూడండి. ఆడే ప్రతివాడికీ వేరే నిజమైన పని ఉండాలి. సారాకొట్టులో సర్వరుగా చేసేవాడు, బిలియర్డ్స్ బల్ల దగ్గర లెక్క రాసేవాడు లెక్కలోకి రారు. ఆ వారం పనికి వెళ్లనివాడు శనివారం ఆడకూడదు. పని పోయినవాడి నుంచి ఆటను కూడా లాక్కునే నిబంధన ఇది. మిల్లు మూతపడితే ఊరి జట్టు కూడా మూతపడాలన్న మాట. కార్మికుల కోసం చీలిపోయి వచ్చిన సంఘమే కార్మికుణ్ణి ఇలా అనుమానించింది. ఏడేళ్లు నడిచాక 1905లో ఆ షరతు ఎత్తేశారు.

తర్వాతి మార్పులు చకచకా జరిగిపోయాయి. 1906లో జట్టుకు 15 మంది బదులు 13 మంది అయ్యారు. కింద పడ్డవాడు లేచి, బంతిని పాదంతో వెనక్కి నెట్టి ఆట కొనసాగించే పద్ధతి వచ్చింది. మరో రెండేళ్లలో ఈ ఆట ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు పాకింది. 1922లో సంఘం పేరు రగ్బీ ఫుట్‌బాల్ లీగ్‌గా మారింది. ఒకే తల్లి పిల్లలైన రెండు ఆటలు, రగ్బీ యూనియన్, రగ్బీ లీగ్, అలా వేరు కాపురాలు పెట్టాయి. పాత యూనియన్ మాత్రం పగ వదల్లేదు. లీగ్‌లో అడుగుపెట్టినవాణ్ణి జీవితాంతం వెలివేసేది. ఆ వెలి నూరేళ్లు నిలిచింది. 1995 ఆగస్టులో, సరిగ్గా వందేళ్లకు, యూనియన్ తానే డబ్బు తీసుకోవడానికి తలుపులు తెరిచింది.

లీగ్ ఆటగాడి బతుకు ఎలా ఉండేదో చెప్పడానికి ఒక్క మనిషి చాలు. బిల్లీ బోస్టన్ 1934లో వేల్స్ రేవు పట్టణం కార్డిఫ్‌లో పుట్టారు. తండ్రిది ఆఫ్రికాలోని సియెరా లియోన్. పేదల వాడలో, నల్లవాడిగా పెరిగారు. ఊళ్లో పేరున్న యూనియన్ క్లబ్బుల నుంచి పిలుపు రాలేదు. 1953లో బొగ్గు ఊరు విగన్ నుంచి క్లబ్బు పెద్దలు ఇంటికి వచ్చారు. బల్ల మీద వెయ్యి పౌండ్లు పరిచారు. కొడుకును పంపడం ఇష్టంలేని తల్లి, వాళ్లను వదిలించుకోవడానికి మూడు వేలైతే చూద్దాం అన్నారు. వాళ్లు సరే అన్నారు. ఆ కథ బోస్టన్ నోటి నుంచి వచ్చిందే. సంతకం పెట్టిన క్షణం నుంచి యూనియన్ ఆటకు ఆయన అంటరానివాడు. విగన్ తరఫున 488 మ్యాచ్‌ల్లో 478 ట్రైలు చేశారు. ట్రై అంటే గీత దాటి బంతిని ఆనించడం. లీగ్ ఆటగాళ్లలో సర్ బిరుదు అందుకున్న మొదటి మనిషి ఆయన. అది 2025లో, ఆయనకు తొంభై ఏళ్లు వచ్చాక. జార్జ్ హోటల్ సమావేశానికీ ఆ గౌరవానికీ మధ్య 130 ఏళ్లు గడిచాయి.

ఇక మన నేలకు వద్దాం.

హైదరాబాదులో ఇదే ప్రశ్నకు వేరే జవాబు దొరికింది. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎత్తుకొచ్చింది. ఆటగాళ్లు పోలీసు శాఖలో ఉద్యోగులు. అప్పట్లో ఒలింపిక్స్ ఆడాలంటే అమెచ్యూర్‌గా ఉండాలి, ఆటకు జీతం అనే మాటే కుదరదు. కాబట్టి ఉద్యోగం ఇచ్చారు. నెల తిరిగేసరికి జీతం వస్తుంది, ప్రాక్టీసుకు వెళ్లినా మస్టరు పడుతుంది, ఆడే వయసు దాటాక కూడా యూనిఫారం ఉంటుంది. హడర్స్‌ఫీల్డ్ వాళ్లు పోయిన కూలి కట్టమని అడిగితే, హైదరాబాదు కూలి పోకుండానే చూసుకుంది.

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ. సైన్యపు బారకాసుల నీడన పేద ఇల్లు. 1936లో బలరామ్ అక్కడ పుట్టారు. రహీం కంట పడ్డప్పుడు ఆయనకు ఇరవై కూడా నిండలేదు. రాష్ట్ర జట్టు ఎంపికకు రమ్మంటే, అమ్ముగూడ నుంచి రోజూ హైదరాబాదు వచ్చిపోయే స్తోమత లేదు. అద్దె సైకిల్ తీసుకో, డబ్బులు నేనిస్తానన్నారు రహీం. ఆ సంగతి బలరామ్ పెద్దయ్యాక కూడా తలచుకునేవారు. నాకు ఈ ముచ్చట ముందు కప్పులు, పతకాలు చిన్నగా కనిపిస్తాయి. సైకిల్ అద్దె దొరక్క ఆగిపోయిన ఆటగాళ్లు మన జిల్లాల్లో ఎందరు ఉంటారో ఊహించుకోండి. హడర్స్‌ఫీల్డ్‌లో ఒక ఉద్యమం సాధించిన పనిని ఇక్కడ ఒక పంతులు సొంత జేబులోంచి చేశారు.

ఆ తర్వాత బలరామ్ దూసుకుపోయారు. 1956 నవంబరులో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లినప్పుడు ఇరవై ఏళ్లు. భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనకు ఈనాటికీ అదే అన్నిటికన్నా పెద్ద ఫలితం. 1956–57 సంతోష్ ట్రోఫీ హైదరాబాదుదే. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పిలిచింది. అక్కడి క్లబ్బులు చేతిలో కొంత పెట్టేవి. దాన్ని జీతం అని ఎవరూ పైకి అనేవారు కాదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. ఆ హంగేరీ అప్పుడు కాంస్య పతకం గెలిచిన జట్టు. వాళ్లతో 1–2 తేడాతో మాత్రమే ఓడాం. 1961లో ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించి, తానే 23 గోల్స్ కొట్టి అందరికన్నా ముందు నిలిచారు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి ఆసియా క్రీడల బంగారం తెచ్చిన జట్టులో చుని గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరామ్ ముగ్గురూ ముందు వరస. శిక్షకుడు రహీం. బలరామ్‌కు ఆ ఏటి అర్జున అవార్డు వచ్చింది.

1963. రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో జూన్ 11న కన్నుమూశారు. బలరామ్ అదే ఏడు ఈస్ట్ బెంగాల్ వదిలి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకు మారారు. రైల్వేలో ఉద్యోగం ఉంది. ఆయనకు కూడా ఊపిరితిత్తుల జబ్బే వచ్చింది. 27వ ఏట ఆట ఆగిపోయింది. ఏడెనిమిదేళ్లు, రెండు ఒలింపిక్స్, ఒక బంగారం, అంతటితో సరి. ఆ తర్వాత అరవై ఏళ్లు బతికారు. రైల్వే నీడలో పిల్లలకు ఆట నేర్పారు, హుగ్లీ నది ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఒంటరిగా ఉన్నారు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో పోయారు. సర్ బిరుదులాంటి పెద్ద గౌరవాలేవీ ఆ అరవై ఏళ్లలో ఆయన గుమ్మం తొక్కలేదు. ఆయన్ని చివరిదాకా నిలబెట్టింది పతకం కాదు, కొలువు.

ఇదే పద్ధతి మన బొగ్గు ప్రాంతానికీ తెలుసు. సింగరేణిలో వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఉంది. ఏరియాల మధ్య పోటీలు, ఆపైన కోల్ ఇండియా కంపెనీలతో పోటీలు. బెల్లంపల్లి, మందమర్రి, గోలేటి వైపు కార్మికుల ఇళ్లలో కబడ్డీ, వాలీబాల్ ఆడి మెడల్ తెచ్చుకున్నవాళ్లు కొత్తేమీ కాదు. బాయి దిగే మనిషే సాయంత్రం కోర్టులో దిగుతాడు. గెలిచినా ఓడినా తెల్లారి మస్టరు పడుతుంది.

మూడో జవాబు 2014లో వచ్చింది. ఆ ఏడు జులై 26న ప్రో కబడ్డీ లీగ్ మొదలైంది. మన వైపు నుంచి తెలుగు టైటాన్స్ తొలి నుంచీ ఉంది. మొదటి వేలంలో అన్నిటికన్నా పెద్ద ధర రాకేశ్ కుమార్‌ది, 12 లక్షల 80 వేలు. కాగజ్‌నగర్ వాళ్లకు ఆ ఏడాది ఇంకో రకంగా గుర్తు. టీవీలో కబడ్డీ పండగ మొదలైన రెండు నెలలకు, సెప్టెంబరులో, పేపర్ మిల్లు ఆగిపోయింది. దాదాపు నాలుగేళ్లు ఆ గేటు ముందు మస్టరు అనే మాటే లేదు. 2018లో జేకే పేపర్ చేతికి వెళ్లాక మళ్లీ కదిలింది. వేలంలో కబడ్డీ ఆటగాళ్లు తొలిసారి కోటి దాటిందీ ఆ 2018లోనే. టైటాన్స్ రాహుల్ చౌదరికి కోటి 29 లక్షలు పెట్టింది. 2023లో పవన్ సెహ్రావత్‌కు 2 కోట్ల 60 లక్షల 50 వేలు. మిల్లు ఆగిన నాడు, తిరిగిన నాడు కబడ్డీ ధర పెరగడం కాకతాళీయమే. అయినా ఒకే ఊరి ఇంట్లో ఆ రెండు వార్తలూ ఒకే సోఫా మీద కూర్చుని విన్న కుటుంబాలున్నాయి, చరిత్ర రాసేవాడు దాన్ని వదిలేయకూడదు.

ఈ డబ్బు మంచిదే. ఆటగాడి కష్టానికి ఖరీదు కట్టడం హడర్స్‌ఫీల్డ్ వాళ్లు అడిగిన న్యాయమే. కానీ పవన్ సంగతే చూడండి. 2022లో తమిళ్ తలైవాస్ ఆయన్ని 2 కోట్ల 26 లక్షలకు తీసుకుంది. అక్టోబరు 8న మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం పోయింది. ఆయన మళ్లీ లేచారు, మరుసటి ఏడు ఆసియా క్రీడల్లో కెప్టెన్‌గా బంగారం తెచ్చారు. ఆయనకు పేరుంది, రైల్వే జట్టు ఉంది. అదే మోకాలు బెంచీ మీద కూర్చునే కుర్రవాడిదైతే, ఇంకా ఏ కొలువూ లేనివాడిదైతే? వేలం పాట ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. ఇంగ్లండులోనూ తేలలేదు. తలకు తగిలిన దెబ్బలతో నడివయసులోనే మతి తప్పుతోందని రిటైరైన లీగ్ ఆటగాళ్లు కోర్టుకెక్కారు. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ కూడా మొదలైంది. ఏడుగురు ఆడే రకం, అందులో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు ఉంది. ఈ ప్రశ్న ఇక మన గడపలోకి కూడా వచ్చినట్టే.

పోయిన రోజుకు కూలి కట్టే పద్ధతి, కొలువు ఇచ్చే పద్ధతి, వేలం పాడే పద్ధతి. మూడింటిలో నా ఓటు రెండోదానికే. దాంతో ఎవరూ కోటీశ్వరులు కాలేదు, నిజమే. మోకాలు పోయిన మర్నాడు కూడా ఇంట్లో పొయ్యి వెలిగింది మాత్రం దానివల్లే. వేలం వచ్చింది కదా, కంపెనీలకు, ప్రభుత్వ శాఖలకు ఆటగాళ్ల ఉద్యోగాలెందుకు అనే మాట అక్కడక్కడ వినబడుతోంది. ఆ మాట తప్పు. వేలంలో పేరు వచ్చేది పిడికెడు మందికి, ఆడే పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. మిల్లు అయినా, బాయి అయినా, రైల్వే అయినా, పోలీసు శాఖ అయినా ఆటగాళ్లకు కొన్ని కుర్చీలు అట్టే పెట్టాలి.

పాఠకులకు ఒక మనవి. పేపర్ మిల్లు తరఫున గానీ సింగరేణి ఏరియా జట్ల తరఫున గానీ ఆడినవాళ్లు మీ ఇంట్లో ఉంటే, వాళ్లు చెప్పగలిగిన రోజుల్లోనే రాసిపెట్టండి. ఏ డిపార్ట్‌మెంటు, ఏ ఏడు, ఎక్కడ ఆడారు, దెబ్బ తగిలితే జీతం వచ్చిందా రాలేదా, ఇవన్నీ. గోడకు వేలాడే జట్టు ఫొటో వెనక పెన్సిల్‌తో పేర్లు రాసి ఉంచండి. ఊళ్లో గ్రంథాలయం ఉంటే ఒక నకలు అక్కడ ఇవ్వండి. వచ్చే భాగం ఆ ఫొటోలతోనే మొదలవుతుంది.